క్వార్టర్లీ దాకా ఆగొద్దు

సిస్టర్, మీ టెక్సస్ నర్సింగ్ హోమ్‌లో పెద్దావిడ నెలలో 5 శాతానికి పైగా బరువు తగ్గారు, నడుము కింద కొత్తగా స్టేజ్ 2 ఒత్తిడి పుండు (పై చర్మం లేచిపోయినది) పడింది, మూడు నెలలకోసారి చేసే క్వార్టర్లీ అసెస్‌మెంట్‌కి ఇంకా టైముంది, ఆగాలా అని అడిగారు. ఆగొద్దండి. రెండు అంశాల్లో దిగజారి, దానంతట అది కుదురుకునేలా లేకపోతే ఎండీఎస్‌లో (నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్ల పరిస్థితిని నమోదు చేసే ప్రామాణిక ఫారంలో) అది ‘సిగ్నిఫికెంట్ చేంజ్’. టీమ్ అలా తేల్చాక 14 రోజుల్లోపు పూర్తి అసెస్‌మెంట్, అది అయిన 7 రోజుల్లో కేర్ ప్లాన్. పూర్తయిందని సంతకం ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు)దే.

చార్టులో ‘ఎర్రగా ఉంది’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. పుండు పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాయండి. పక్కకి తిరగడానికి ఆవిడకి ఎంత సాయం కావాలో నైట్ షిఫ్ట్ ఎయిడ్‌ని అడగండి, మనకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది. డాక్టర్‌కీ, ఇంట్లోవాళ్లకీ మాత్రం ఇవాళే చెప్పేయండి.