రెండు స్లైడ్లూ ఒకే క్షణంలో లేవాలి

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1985 నాటి రాజ్‌దూత్ 350ని ఈమధ్య బాగు చేయించాను. కార్బురేటర్లు విప్పి కడిగించాక వేగంగా పోయేటప్పుడు బాగానే ఉంటోంది గానీ, ట్రాఫిక్‌లో మెల్లగా నడిపితే కుదుపులు ఇస్తోంది. ఎడమ సైలెన్సర్ ఆలస్యంగా వేడెక్కుతోంది. స్క్రూలు ఎంత తిప్పించినా మార్పు లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎడమ సైలెన్సర్ గురించి మీరు గమనించిన విషయమే అసలు ఆనవాలు. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన ఈ 347 సీసీ టూ-స్ట్రోక్ బండిలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో మికుని కార్బురేటర్ ఉంటుంది. హ్యాండిల్ నుంచి వచ్చే యాక్సిలరేటర్ కేబుల్ దారిలో చీలి, రెండు కొసలు కార్బురేటర్లకూ ఒకటి ఆయిల్ పంపుకూ వెళతాయి. కార్బురేటర్లను తిరిగి బిగించేటప్పుడు కుడివైపు కేబుల్ కాస్త బిగుతుగా ఉండిపోతే, ఆ వైపు స్లైడ్ (కార్బురేటర్‌లో పైకీ కిందికీ కదులుతూ గాలి దారిని తెరిచే భాగం) తనను ఆపే స్లైడ్ స్క్రూ మీద ఆనకుండా కేబుల్‌కే వేలాడుతుంది. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా ఫలితం ఉండదు. పూర్తి వేగంలో రెండూ తెరుచుకునే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. మెల్లగా పోయేటప్పుడు మాత్రం అర మిల్లీమీటరు తేడా కూడా ఇంజనును కుదిపేస్తుంది.

కార్బురేటర్ల జోలికి వెళ్లే ముందు ప్లగ్గులు, పాయింట్ల టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం), ఇంజనుకూ కార్బురేటర్‌కూ మధ్యనున్న రబ్బర్లు చూపించండి. ఆ రబ్బరు పగిలి గాలి లోపలికి పోతుంటే ట్యూనింగ్ నిలవదు సరికదా, పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు పని. ముందుగా కేబుల్ అడ్జస్టర్లు వదులు చేసి, రెండు స్లైడ్లూ వాటి స్క్రూల మీదే ఆనేటట్లు చూడాలి. పెట్రోలులో కలిసే గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూలను మెల్లగా చివరిదాకా బిగించి, సుమారు ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాలి. ఇంజను వేడెక్కాక ఒక సిలిండర్ ప్లగ్ క్యాప్ తీసి, దానికి విడి ప్లగ్ తగిలించి ఇంజను లోహానికి గట్టిగా ఆనించి, రెండో సిలిండర్ ఒక్కదాన్నే నడపాలి. క్యాప్‌ను ఊరికే వదిలేస్తే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ దెబ్బతినవచ్చు. ఆ ఒక్క సిలిండర్ మీద ఇంజను ఆగిపోకుండా నిలిచేటట్లు స్లైడ్ స్క్రూను, వేగం అత్యధికంగా ఉండే చోటికి ఎయిర్ స్క్రూను సరిచేయాలి. రెండో సిలిండర్‌కూ ఇలాగే చేశాక, రెండింటినీ కలిపి నడిపితే వేగం పెరుగుతుంది. అప్పుడు రెండు స్లైడ్ స్క్రూలనూ సమానంగా తగ్గించాలి.

ఆ తర్వాతే కేబుళ్లు. ఇంజను ఆపి, గాలి గొట్టాలు ఊడదీసి, రెండు కార్బురేటర్ల నోళ్లలో చెరొక వేలు పెట్టి స్లైడ్లను తాకుతూ ఉండండి. మరొకరు యాక్సిలరేటర్‌ను చాలా మెల్లగా తిప్పాలి. రెండు వేళ్ల కిందా కదలిక ఒకేసారి తెలిసేదాకా అడ్జస్టర్లను సవరించాలి. చెవితో పోల్చడం కంటే ఈ స్పర్శనే నేను ఎక్కువగా నమ్ముతాను. చివరగా, కంపెనీ అమర్చిన ఆయిల్ పంపు మీ బండికి ఇంకా ఉంటే, దాని పుల్లీ మీది గుర్తు ప్రకారం మూడో కేబుల్‌ను కూడా తప్పక సరిచేయించండి. పై కేబుళ్లు మారితే పంపు తెరుచుకునే తీరూ మారుతుంది, నూనె తగ్గితే ఇంజనుకే చేటు.