మిలటరీ చావడి: పాఠకుల ప్రశ్నలకు మాజీ సైనికుల జవాబులు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇవాళ్టికీ మిలటరీ మాధవరం అంటేనే గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరివాళ్లు పట్టాళానికి వెళ్తూనే ఉన్నారు. అప్పట్లో చేరినవాడు పింఛనుతో తిరిగొచ్చేవాడు. ఇప్పుడు లెక్క మారింది. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఆ లెక్క గురించే కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ 63 శాతంతో పాసయ్యాడు. ఇంగ్లీషులో మాత్రం 46 శాతమే వచ్చింది. అగ్నివీర్‌గా వెళ్తానని పట్టు పడుతున్నాడు. నాలుగేళ్లకే ఇంటికి పంపేస్తారట కదా, పంపమంటారా? పంపితే ఏ విభాగం మంచిది?
– ఒక తండ్రి, అత్తిలి

జవాబు: ముందు డబ్బు సంగతి. మొదటి ఏడాది నెలకు 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్ల చివర ఒకేసారి ఇచ్చే నిధికి, పోతుంది. చేతికొచ్చేది 21,000తో మొదలై చివరి ఏడాదికి 28,000 అవుతుంది. నాలుగేళ్లలో చేతికి అందేది సుమారు 11.7 లక్షలు. సేవానిధిలో మీవాడి వాటా సుమారు 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, అంటే 10.04 లక్షలు, పైన వడ్డీ. దీనికి ఆదాయపు పన్ను లేదు. తిండి, బట్ట, బస ప్రభుత్వానివే. సియాచిన్ లాంటి చోట పడితే కష్ట భత్యం అదనం. 48 లక్షల బీమాకు మీరు కట్టేదేమీ ఉండదు.

ఇక లేనివి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. బ్యాచిలో 25 శాతానికి మించి ఉంచుకోరు. ఉంచుకున్నవాళ్లకు మరో 15 ఏళ్ల సర్వీసు ఉంటుంది, కానీ వాళ్లకు సేవానిధిలో తమ వాటా, దాని వడ్డీ మాత్రమే వస్తాయి, ప్రభుత్వ వాటా రాదు. సెలవు ఏడాదికి 30 రోజులు. ఈశాన్యంలో పోస్టింగయితే రానూ పోనూ రైల్లోనే నాలుగైదు రోజులు పోతాయి. సంక్రాంతికీ రావాలి, అక్క పెళ్లికీ రావాలంటే కుదరదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. 25 శాతంలో ఉంటాడన్న నమ్మకంతో పంపకండి. నాలుగో ఏడాది చివర ఇంటికొస్తాడని అనుకుని, అప్పుడు చేతిలో ఏ పని ఉంటుందో చూసుకుని పంపండి. ఆ లెక్కన టెక్నికల్ విభాగం మేలు. దానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఇంగ్లీషుతో మొత్తం 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 ఉండాలి. మీవాడు సరిపోతాడు. క్లర్క్, స్టోర్‌కీపర్ విభాగానికి మొత్తం 60 ఉండటమే కాదు, ప్రతి సబ్జెక్టులో 50 ఉండాలి. ఇంగ్లీషు 46 కాబట్టి ఆ తలుపు మూసుకున్నట్టే. మొత్తం శాతం చూసుకుని దరఖాస్తు పెట్టి, సర్టిఫికెట్ల పరిశీలనలో ఇంటిదారి పట్టే పిల్లలు ప్రతి రిక్రూట్‌మెంట్ ర్యాలీలో కనిపిస్తారు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం 45, సబ్జెక్టుకు 33 చాలు. ఖాళీలు ఎక్కువ అందులోనే. బయటికొచ్చాక నేరుగా అక్కరకొచ్చే పని తక్కువ కూడా అందులోనే.

టెక్నికల్‌లో చేరినా ఏ ట్రేడు (పని) ఇస్తారో మీవాడి చేతిలో ఉండదు, సైన్యం అవసరాన్ని బట్టి ఇస్తారు. వాహనాల మెకానిక్కో, జనరేటర్ల పనో, ఎలక్ట్రీషియన్ పనో దక్కితే మాత్రం వదలొద్దు. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) ఆగినా, జనరేటర్ అందుకోకపోయినా తెల్లారేసరికి చెరువు పోతుంది. ఐస్ ఫ్యాక్టరీలు, రైసు మిల్లులది కూడా అదే అవసరం. పని తెలిసిన మనిషికి ఇక్కడ కొదవలేని గిరాకీ. సర్వీసులో ఉండగానే ఇగ్నో డిగ్రీ కూడా మొదలుపెట్టించండి, సైన్యంలో పొందిన శిక్షణకు అందులో క్రెడిట్లు ఇస్తారు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు కోటా ఉంది. కోటా ఉన్నా పోటీ తప్పదు కాబట్టి పుస్తకం వదిలేయొద్దని చెప్పండి.

ప్రశ్న: 1.6 కిలోమీటర్లు 6 నిమిషాల 5 సెకన్లకు తగ్గడం లేదు. బీములు (పుల్‌అప్స్) ఐదు దాటడం లేదు. రెండు నెలలుగా రోజూ పరిగెడుతున్నాను, కాళ్ల ముందు ఎముక నొప్పి. ర్యాలీ రోజున ఇంజెక్షన్ చేయించుకుంటే నొప్పి తెలియదని మా కోచింగ్‌లో అంటున్నారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, ముమ్మిడివరం

జవాబు: ఇంజెక్షన్ జోలికి పోవద్దు. నొప్పి అనేది ఎముక నీకు పెట్టే మొర. దాని నోరు నొక్కి పరిగెడితే సన్నగా పగిలిన ఎముక కాస్తా విరిగిపోతుంది. ఇప్పుడే ఒక పరీక్ష చేసుకో. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రా. నొప్పి జానెడు పొడవునా పరుచుకుని ఉంటే కండరం, పొర లాగుతున్నట్టు. వారం పది రోజులు పరుగు సగానికి తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒకే ఒక్క చోట, వేలు మోపినంత మేర, చురుక్కుమంటే పరుగు ఆపేసి ఎముకల డాక్టరుకు చూపించు.

నొప్పికి కారణం చాలావరకు సిమెంటు రోడ్డు. కోనసీమలో ఇప్పుడు ఏ ఊరికి పోయినా సీసీ రోడ్లే. కాలువ గట్టు మీద గ్రావెల్ ఉన్న చోట పరిగెత్తు. వానాకాలం నల్లమట్టి గట్టు అంటుకుని జారుతుంది, అప్పుడు స్కూలు గ్రౌండు మేలు. బూట్లు ర్యాలీకి కొత్తవి కొనకు. కనీసం నెల్లాళ్లు వాడి, కాలికి అలవాటైన జతతోనే వెళ్లు.

రెండో తప్పు, రోజూ అదే 1.6 కిలోమీటర్లు పరిగెత్తడం. దానివల్ల అలసట పెరుగుతుందే గానీ వేగం రాదు. పూర్తి మార్కులకు కావలసిన 5 నిమిషాల 30 సెకన్లు అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కోటి 82 సెకన్లు. నీకు కావలసింది ఆ 82 సెకన్ల వేగానికి కాళ్లు అలవాటు పడటం. సోమవారం, గురువారం 400 మీటర్లు 84 సెకన్లలో ఒకటి, రెండు నిమిషాలు నడక, మళ్లీ ఒకటి. నాలుగుతో మొదలుపెట్టి నాలుగో వారానికి ఆరుకు, సమయం 80కి తీసుకురా. మంగళవారం, శనివారం మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా 5 కిలోమీటర్లు. బుధవారం, శుక్రవారం పరుగు లేదు, బీము మాత్రమే. ఆదివారం పూర్తి విశ్రాంతి. పదిహేను రోజులకొకసారి మాత్రమే పూర్తి 1.6 గడియారం పెట్టి చూసుకో. నొప్పి తగ్గాకే ఇదంతా, ముందు కాదు.

ర్యాలీలో ఒక్కో బ్యాచిలో గుంపు పెద్దది. విజిల్ పడగానే అందరూ దూసుకుపోతారు. వాళ్లతో పోయి మొదటి చుట్టు 72లో కొడితే మూడో చుట్టులో ఊపిరి అందదు. మొదటిది 80, రెండోది 83, మూడోది 84, చివరిది 80. మొత్తం 5 నిమిషాల 27 సెకన్లు. మూడో చుట్టే అందరినీ ముంచేది, దాన్ని గుర్తుపెట్టుకుని దమ్ము దాచుకో. ర్యాలీకి తరచు అర్ధరాత్రి నుంచే వరసలో నిలబెడతారు. నిద్ర లేకుండా పరిగెత్తడమంటే ఏమిటో ముందే ఒకసారి, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పరిగెత్తి చూసుకో. ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు, మజ్జిగ కొంచెం కొంచెంగా తాగు, వరసలో నిలబడి ఒక్కసారే లీటరు తాగకు.

బీముకు రెండు కొబ్బరి చెట్ల మధ్య అంగుళంపావు జీఐ పైపు బిగించుకుంటే చాలు. రెండంగుళాల పైపయితే పట్టు జారుతుంది. ఐదు దాటడం లేదంటే పైకి లాగే బలం చాలడం లేదు, నెమ్మదిగా కిందికి దిగుతూ దాన్ని పెంచుకోవచ్చు. స్టూలెక్కి గడ్డం పైపు పైకి తెచ్చుకుని, ఐదు లెక్కపెడుతూ దిగు. అలా నాలుగుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతితో మూడు విడతలు. ఆరు వారాలు చేసేసరికి తేడా నీకే తెలుస్తుంది. చేతులు పూర్తిగా చాపకపోయినా, కాళ్లు ఊపినా ఆ బీము లెక్కలోకి రాదు. పది బీములకు 40 మార్కులు, 5.30 లోపు పరుగుకు 60. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ దిమ్మె మీద నడక పాసయితే చాలు, వాటికి మార్కులు లేవు. ఇసకలో పది అడుగులు గీత గీసుకుని దూకు, తొమ్మిది సులువవుతుంది.

ఇంకో మాట. కోచింగ్ వాళ్లకు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి తెచ్చుకో. సెలక్షన్ ఇప్పిస్తానని డబ్బడిగినవాడు ఎవడైనా సరే, వాడి చేతిలో ఏమీ లేదు. రాతపరీక్ష, పరుగు, మెడికల్, మూడింటికీ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తప్ప ఎవరికీ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు.

ప్రశ్న: ఛాతీ మీద అమ్మ పేరు పచ్చబొట్టు ఉంది. చెవిలో గులిమి ఎక్కువ. మెడికల్‌లో ఆపుతారా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: పచ్చబొట్టుకు ఆపుతారు. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనకవైపు మాత్రమే అనుమతి. సంప్రదాయంగా పొడిపించుకునే గిరిజన తెగలకు మినహాయింపు ఉంది. లేజరుతో తీయించినా మచ్చ మిగలొచ్చు. తొందరపడి డబ్బు పోయకుండా ముందు చర్మ డాక్టరును అడగండి. గులిమి మాత్రం చిన్న సంగతి. పిన్నీసుతో కెలకొద్దు, కర్ణభేరికి చిల్లు పడితే అది పెద్ద లోపమవుతుంది. నెల ముందు ప్రభుత్వాసుపత్రిలో ఈఎన్‌టీ చేత తీయించుకోండి. అప్పుడే రంగులు గుర్తుపట్టే పరీక్ష, వరిబీజం, కాళ్లల్లో ఉబ్బిన నరాలు, తామర కూడా చూపించుకోండి. చెరువు పనుల్లో నీళ్లలో నానే పిల్లలకు గజ్జల్లో తామర మామూలు. మందు పూర్తిగా వాడితే పోతుంది. సగంలో ఆపితే ర్యాలీ నాటికి మళ్లీ పొడుచుకొస్తుంది.

ప్రశ్న: మా వాడు ట్రైనింగ్‌కు వెళ్లి నెల అయింది. ఫోన్ చేస్తే ఏడుస్తున్నాడు, వచ్చేస్తానంటున్నాడు. రమ్మననా?
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: రమ్మనకండమ్మా. ఇష్టం లేదని మధ్యలో వచ్చేయడానికి అగ్నివీర్ నిబంధనల్లో దారి లేదు. అసాధారణ పరిస్థితుల్లో, పై అధికారి అనుమతిస్తేనే. చెప్పకుండా వచ్చేస్తే పారిపోయినట్టు రాస్తారు, కేసవుతుంది. మొదటి ఆరు వారాలే గడ్డుకాలం. నిద్ర చాలదు, చపాతీ పప్పు సయించదు, హిందీ అర్థం కాక తిట్లన్నీ తననే అనిపిస్తాయి. మీరు ఫోనులో ఏడవకండి. తిన్నావా, పాదాలు పొక్కాయా, పక్క మంచం కుర్రాడిదే ఊరు అని అడగండి. పాదాలకు పొక్కులుంటే దాచకుండా పొద్దున్నే సిక్ రిపోర్టులో (ఒంట్లో బాగోలేదని చెప్పుకునే చోట) చెప్పమనండి. ఎవరైనా కొడుతున్నారని చెబితే మాత్రం సర్దుకుపొమ్మనకండి. కింది వాళ్లను హింసించడం ఆర్మీ చట్టం 1950లోని 47వ సెక్షన్ కింద నేరం. కంపెనీ కమాండర్‌కు చెప్పుకునే హక్కు వాడికి ఉంది.

ప్రశ్న: నాయక్ ర్యాంకు వచ్చింది, సెక్షన్ (సైనికుల చిన్న జట్టు) అప్పగించారు. పదిమందిలో ఇద్దరు నాకంటే సీనియర్లు, నలుగురు అగ్నివీరులు. మాట వినిపించుకోవడం ఎలా?
– సెలవులో ఉన్న సైనికుడు, రాజోలు

జవాబు: గొంతు పెంచితే మాట వింటారని ఎవరైనా చెబితే నమ్మకు. సెక్షన్‌లో నీ విలువ తేలేది సెంట్రీ రోస్టర్ (కాపలా వంతుల పట్టిక) దగ్గర. రాత్రి రెండు నుంచి నాలుగు గంటల కాపలా ఎవరికీ ఇష్టముండదు. మొదటి వారం ఆ గడిలో నీ పేరు రాసుకో, తర్వాత వరసగా అందరివీ. సీనియర్లకు మినహాయింపు ఇవ్వకు, వాళ్లకే పదేపదే వేయకు కూడా. సెలవుల జాబితా కూడా గోడకు అంటించు. నీ జేబులో ఉన్న జాబితాను ఎవడూ నమ్మడు.

ఆ ఇద్దరు సీనియర్లతో మొదటిరోజే విడిగా కూర్చో. తుపాకీ పాఠమో, రాత్రి గస్తీ దారో, వాళ్లకు బాగా వచ్చింది అడిగి అది వాళ్లకే అప్పగించు. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఏం చేయాలి, ఎప్పటిలోగా, నువ్వెక్కడ ఉంటావు, ఈ మూడూ చెప్పి, అందరిలో చిన్నవాడి చేత తిరిగి చెప్పించు. వాడు తడబడ్డాడంటే నీ ఆజ్ఞలోనే లోపముంది. తప్పు చేసినవాణ్ని పక్కకు పిలిచి మందలించు. పైనుంచి నీకు పడిన తిట్టును నీ దగ్గరే ఆపు. దాన్ని రెట్టింపు చేసి కిందికి దించేవాడి సెక్షన్‌లో రెండు నెలల తర్వాత ఎవడూ నిజం చెప్పడు, రైఫిల్లో లోపమున్నా చెప్పడు. మన సైన్యంలో ఈ జబ్బు ఉందని ఒప్పుకోవాలి.

అగ్నివీరులకు నాలుగో ఏడాది మనసు మనసులో ఉండదు. ‘నీ రిపోర్టు నా చేతిలో ఉంది’ అని ఒక్కసారి బెదిరించావంటే వాడు పని చేయడం మానేసి నీ మెప్పు కోసం నటించడం మొదలుపెడతాడు. పరుగులో, ఫైరింగ్‌లో వాడెక్కడ వెనకబడ్డాడో నెలకోసారి అంకెలతో చెప్పు. తోటి తెలుగువాడితో మిగతావాళ్ల ముందు తెలుగులో మాట్లాడకు, నిన్ను అనుమానంగా చూస్తారు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ప్రతి మనిషికీ ఒక పేజీ: ఊరు, ఇంట్లో ఫోను, అప్పు ఉందా, పిల్లల వయసు. ఇంటి నుంచి ఫోన్ వచ్చాక భోజనానికి రానివాణ్ని, మాటాడటం మానేసినవాణ్ని ఆ రాత్రి ఆయుధంతో ఒంటరిగా కాపలాకు పంపకు. డ్యూటీ మార్చి, పక్కన కూర్చుని అడుగు, ప్లాటూన్ జేసీఓకు (నీ పైనున్న జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుకు) చెప్పు. డ్యూటీ మార్పు గురించి ఎవరైనా సణిగితే సణగనీ.

ప్రశ్న: మా వారు హవల్దార్‌గా రిటైరయ్యారు. ఆయన పింఛను పుస్తకంలో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటిది. రేపు ఇబ్బంది అవుతుందా?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అవుతుంది, అందుకే ఆయన ఉండగానే సరిచేయించండి. ఆయన దరఖాస్తు పెడితే తేలిగ్గా పోయే పని, ఆయన తర్వాత మీరు పెడితే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జి బుక్కులో కుటుంబం పేజీ, మీ ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, ఈ ఐదూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు, పేరులో అక్షరాలు, పుట్టిన తేదీ చూడండి. ఎక్కువమందికి తేడా వచ్చేది పుట్టిన తేదీలోనే. పేర్లు రెండూ మీవేనని నోటరీ అఫిడవిట్ చేయించి, పెళ్లి రుజువు జతచేసి, కాకినాడ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రికార్డు ఆఫీసుకు పంపండి. అక్కడి నుంచి సవరించిన పీపీఓ రావాలి. స్పర్శ్ (సైనిక పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఖాతాలో మీ పేరు మారిందని కంటితో చూసేదాకా పని పూర్తికాలేదనే లెక్క. పింఛను ఖాతాను ఇద్దరి పేర్ల మీదకు మార్పించండి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మాత్రం మరవొద్దు. పంపిన ప్రతి కాగితానికి జిరాక్సు తీసి, స్పీడ్ పోస్టు రసీదు దానికే పిన్ను చేసి ఉంచుకోండి.