చలికాలపు చక్రాల గురించి మేనల్లుడికి

రాయగడ
అక్టోబరు మొదటి వారం

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

నీ ప్రశ్న మీ నాన్న చెప్పాడు. మాంట్రియల్‌లో కారు కొన్నావు, చలికాలపు టైర్లు తప్పనిసరి అన్నారు. వాటిని ఉన్న రిమ్ములకే ఏటా రెండుసార్లు విప్పించి ఎక్కించుకోవాలా, లేక వేరే నాలుగు రిమ్ములు కొని వాటికే బిగించి ఉంచుకోవాలా అన్నది నీ సందేహం. "టైరు మార్చడం ఎంతసేపు? రిమ్ములకు డబ్బు తగలెయ్యడం ఎందుకు?" అని మీ నాన్న నీకు చెప్పాడట. ముప్ఫై ఏళ్లుగా టైర్ల కొట్టు నడుపుతున్న వాడికి అలాగే అనిపిస్తుంది. నేను ఆ ఊళ్లో ఇరవై రెండు చలికాలాలు కారు నడిపాను. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి రోగుల ఇళ్లకు వెళ్లే నర్సు ఉద్యోగం నాది. మొదటి అయిదేళ్లు మీ నాన్న చెప్పినట్టే చేశాను కూడా. అందుకే చెబుతున్నాను, వేరే రిమ్ములు కొనుక్కో.

చిన్నప్పుడు బడి వదలగానే నేనూ మీ నాన్నా మీ తాతగారి కొట్టు అరుగు మీద కూర్చునేవాళ్లం. జేకేపూర్ కాగితపు మిల్లుకు వెదురు మోసే లారీలు వరుసగా ఆగి ఉండేవి. పనివాడు టైరు అంచుకు సబ్బునీళ్లు పూసి, రెండు లివర్లు దూర్చి, ఒంటి బరువంతా వేసి వంచేవాడు. ఒక్కోసారి లివరు జారి అంచు మీద గోరంత రబ్బరు లేచిపోయేది. తాతగారు అక్కడ వేలితో తడిమి చూసి, "లోపల ట్యూబు ఉందిలే, ఫరవాలేదు" అనేవారు. ఆ మాట నాకు పాతికేళ్ల తర్వాత మాంట్రియల్‌లో గుర్తొచ్చింది. మన కార్ల టైర్లకు ట్యూబు ఉండదు. ఆ అంచు రిమ్ముకు అతుక్కుని కూర్చుంటేనే గాలి నిలుస్తుంది. ఇప్పుడు లివర్లకు బదులు యంత్రం వచ్చింది, చేతిపని కన్నా నయమే. కానీ అంచును సాగదీసి రిమ్ము దాటించడం మాత్రం అదే. ఏడాదికి రెండుసార్లు చొప్పున అయిదేళ్లకు పదిసార్లు ఆ అంచు నలుగుతుంది.

నాకు అయిదో ఏడు జనవరిలో అది తెలిసొచ్చింది. ముందు కుడివైపు చక్రంలో గాలి ప్రతి వారం తగ్గిపోయేది. మేకు లేదు, పంచరు లేదు. ఒక రోజు తెల్లవారుజామున, మైనస్ ఇరవై అయిదు డిగ్రీల చలిలో, కిందకు వచ్చి చూస్తే చక్రం నేలకు అంటుకుని ఉంది. గాలి కొట్టే గొట్టం గడ్డకట్టి కర్రలా బిగుసుకుపోయింది. ఆ రోజు ఇన్సులిన్ సూది కోసం నా కోసమే చూస్తున్న ముసలావిడ దగ్గరకు రెండు గంటలు ఆలస్యంగా చేరాను. తర్వాత దుకాణంలో చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే రిమ్ము చుట్టూ ఆవగింజలంత బుడగలు వరుసగా లేచాయి. అంచు ఒకచోట చిట్లింది, దానికి తోడు రోడ్డు మీద చల్లే ఉప్పుకు అల్యూమినియం రిమ్ము లోపలి అంచు తెల్లగా పొరలు కట్టింది. ఆ వారమే నాలుగు ఇనుప రిమ్ములు కొన్నాను. మిగిలిన పదిహేడేళ్లూ ఆ బాధ మళ్లీ పడలేదు.

లెక్క నువ్వే వేసుకో. టైరును రిమ్ము నుంచి విప్పి, వేరేది ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసి ఇవ్వడానికి అయ్యే కూలి, ఉన్న చక్రాన్ని ఉన్నట్టు తీసి మార్చే కూలికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ తేడా ఒక్కోసారికి 50 డాలర్లు అనుకుంటే పదిసార్లకు 500 అవుతుంది. నీ కారుకు నాలుగు ఇనుప రిమ్ములు ఎంతకు వస్తాయో కనుక్కుని దాని పక్కన పెట్టు. కారు నాలుగైదేళ్లు ఉంచుకుంటానన్నావు కాబట్టి రిమ్ముల ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. రెండేళ్లలో దేశం మారేవాడివైతే, లేదా లీజు కారైతే, నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. రెండు జతల టైర్లు అంటే రెట్టింపు ఖర్చు అనుకోకు. ఒక జత తిరిగేటప్పుడు రెండోది విశ్రాంతిలో ఉంటుంది, అరుగుదల రెండింటికీ పంచుకుపోతుంది.

అపార్టుమెంటులో చోటు లేదన్నావు. చోటు ఎలాగూ కావాలి బాబూ, రిమ్ములతో ఉన్నా, లేకపోయినా నాలుగు టైర్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఆ ఊళ్లో టైర్ల దుకాణాలే అద్దెకు దాచి పెడతాయి. ఇంట్లో పెడితే మాత్రం బాల్కనీ వద్దు, ఎండకు రబ్బరు పగుళ్లు తీస్తుంది. నూనె, పెట్రోలు, కరెంటు మోటార్లు ఉన్న చోటా పెట్టకు. రిమ్ముతో ఉన్న చక్రాలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టు, వట్టి టైర్లనైతే నిలబెట్టాలి. దాచే ముందు ఉప్పంతా కడిగి, ఆరబెట్టి, ముందు ఎడమ, వెనక కుడి అని సుద్దతో రాసుకో.

ఇక రిమ్ములు ఎంచుకోవడం. ఇనుపవే తీసుకో, అందం సంగతి తర్వాత. మంచు కరిగాక మాంట్రియల్ రోడ్ల మీద గుంతలు ఎంత లోతుగా ఉంటాయో వచ్చే ఏప్రిల్‌లో చూస్తావు. అల్యూమినియం రిమ్ము గట్టిగా తగిలితే పగులుతుంది, ఇనుపది వంగుతుంది. నీ కారు అనుమతిస్తే ఒక అంగుళం చిన్న రిమ్ము, దానికి తగ్గట్టు కొంచెం సన్నని, ఎత్తైన టైరు వేసుకో. సన్నని టైరు మంచును చీల్చుకుని రోడ్డును పట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. అయితే చక్రం మొత్తం ఎత్తు మారకూడదు, బ్రేకు రిమ్ముకు తగలకూడదు. నట్ల రంధ్రాల వరస, మధ్య రంధ్రం కొలత, రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుంది అన్నవి మూడూ కుదరాలి. కొన్ని కార్లకు ఇనుప రిమ్ముకు వేరే నట్లు కావాలి. పాత నట్లే సరిపోతాయా అని తప్పకుండా అడుగు, ఈ ఒక్క ప్రశ్న మరిచిపోకు.

టైరు పక్క భాగం మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ముద్రించి ఉండాలి. కెనడాలో మాంట్రియల్ ఉన్న రాష్ట్రం క్యూబెక్, అక్కడి చట్టం చూసేది ఆ గుర్తునే. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా నాలుగు చక్రాలకూ అలాంటి టైర్లు ఉండాలి. అన్ని కాలాలకూ అని అమ్మేవాటికి ఆ గుర్తు లేకపోతే అక్కడ చెల్లవు. అయినా చట్టం తేదీ కోసం ఎదురుచూడకు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గిపోతుంది, మాంట్రియల్‌లో ఆ చలి నవంబరుకే వచ్చేస్తుంది. నవంబరు ఆఖరి వారంలో ఏ దుకాణానికి ఫోను చేసినా ఖాళీ ఉండదు. ఇప్పుడే చేయి. మార్చిలో విప్పేయకు, ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చిన టైరును మంచు మీద నమ్మకూడదు. కొనేటప్పుడు టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చూడు, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు నీ కారు చక్రాల లోపల ఉన్నాయో లేదో కనుక్కో. ఉంటే కొత్త రిమ్ములకు ఇంకో నాలుగు కావాలి. కెనడా చట్టం వాటిని తప్పనిసరి చేయలేదు కాబట్టి చాలామంది లేకుండానే, డ్రైవరు ముందుండే హెచ్చరిక దీపం వెలుగుతుండగానే చలికాలం గడిపేస్తారు. నాకది నచ్చదు. ఎప్పుడూ వెలిగే దీపం నిజంగా గాలి తగ్గిన రోజున నీకేమీ చెప్పదు. చలికి గాలి ఎలాగూ తగ్గుతుంది, పది డిగ్రీలు పడిపోతే గాలి ఒత్తిడి కొలతలో సుమారు 2 పీఎస్‌ఐ పోతుంది. కాబట్టి చక్రాలు చల్లగా ఉన్నప్పుడే, నెలకు ఒకసారైనా గేజీ పెట్టి చూసుకో.

వేరే రిమ్ములు ఉంటే నువ్వే మార్చుకోవచ్చు. చక్రం ఇరవై కిలోల దాకా బరువు ఉంటుంది, నడుము జాగ్రత్త. జాకీ ఎత్తే ముందే నట్లు కాస్త వదులు చేయి. చక్రం తీశాక, అది కూర్చునే చోట పేరుకున్న తుప్పును తీగ బ్రష్షుతో గీకెయ్యి. మీ తాతగారు ప్రతి చక్రానికీ ముందు గుడ్డతో ఆ చోటు తుడిచేవారు. అక్కడ తుప్పు పొర ఉంటే నట్లు బిగిసినట్టే ఉండి తర్వాత వదులవుతాయని చెప్పేవారు. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించు, చివరి బిగింపు కారు పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం టార్క్ పానాతో, అంటే ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానాతో చేయి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూడు. దుకాణంలో మార్పించుకున్నా ఈ పని మానకు.

డ్రైవరు తలుపు తెరిస్తే చట్రానికి ఒక స్టిక్కరు ఉంటుంది, టైరు కొలతలూ గాలి లెక్కా దాని మీదే ఉంటాయి. దాని ఫోటో, ఇప్పటి రిమ్ము ఫోటో ఆదివారంలోగా పంపించు. మీ నాన్నకు కూడా చూపించి, ఏ కొలత అడగాలో రాస్తాను. అప్పటిదాకా ఏదీ కొనకు. తమ్ముడితో నేనే మాట్లాడతాను.

మీ మేనత్త