సేఫ్ మోడ్‌లో చిక్కుకున్న కొట్టు సిస్టమ్

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. సిస్టమ్ నెమ్మదించిందని మా గుమస్తా ఏదో వీడియో చూసి, ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ తెరిచి బూట్ అన్నచోట టిక్ పెట్టాడు. అప్పట్నుంచి తెర నల్లగా, నాలుగు మూలలా ‘సేఫ్ మోడ్’ అని వస్తోంది. రోజూ కొట్టే పిన్ తీసుకోవట్లేదు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలంటున్నారు. తక్‌పట్టీల (రైతుల సరుకు అమ్మకం చీట్ల) లెక్కలన్నీ టాలీలోనే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఫార్మాట్ ఊసే వద్దు. టాలీ డేటా ఎక్కడికీ పోలేదు. మీ గుమస్తా పెట్టిన టిక్ ‘సేఫ్ బూట్’. అది తీసేదాకా ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా విండోస్ సేఫ్ మోడ్‌లోకే లేస్తుంది. ఆ మోడ్‌లో చాలా సర్వీసులు నడవవు కాబట్టి పిన్ సాధారణంగా పనిచేయదు. ఫోన్లో మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి కొత్తది కొడదామనుకుంటారేమో, అదీ కుదరదు. నెట్ లేని సిస్టమ్‌కు తెలిసింది పాత పాస్‌వర్డే.

లోపలికి వెళ్లకుండానే టిక్ తీసేయొచ్చు. తెర కుడివైపు కింద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ కీ వదలకుండా రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర వచ్చాక ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) కీ అడిగితే ‘స్కిప్ దిస్ డ్రైవ్’ నొక్కండి. మనం మార్చబోయేది తాళం పడిన సీ డ్రైవ్‌లో ఉండదు. కొన్ని వెర్షన్లలో అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అలాగైతే వేరే సిస్టమ్ మీద 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఎక్కించి దాంతో బూట్ చేయండి. భాష అడిగే మొదటి తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే అదే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ జోలికి మాత్రం పోవద్దు.

కిటికీలో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఇలా కొట్టాలి: బీసీడీఎడిట్, ఒక ఖాళీ, ముందుకు వాలిన స్లాష్, దానికి ఆనుకునే డిలీట్‌వాల్యూ, ఖాళీ, మీసాల బ్రాకెట్ల మధ్య డిఫాల్ట్, ఖాళీ, సేఫ్‌బూట్. చివరి పదంలో రెండు ముక్కలూ కలిసే ఉండాలి. ఎంటర్ కొడితే పని విజయవంతమైందని వస్తుంది. ‘ఎలిమెంట్ నాట్ ఫౌండ్’ అంటే డిఫాల్ట్ అనేది మీ విండోస్ కాకపోయి ఉంటుంది. ఉత్త బీసీడీఎడిట్ కొట్టి, సేఫ్‌బూట్ వరస ఏ బ్లాకులో ఉందో చూసి, దాని ఐడెంటిఫయర్‌ను డిఫాల్ట్ బదులు ఇవ్వండి. కిటికీ మూసి ‘కంటిన్యూ’ నొక్కితే (పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఉంటే దాన్ని తీసి రీస్టార్ట్ చేస్తే) మామూలు విండోస్ లేస్తుంది, పిన్ తీసుకుంటుంది.

లోపలికి వెళ్లగానే టాలీ డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్‌లో జనరల్ కింద ‘నార్మల్ స్టార్టప్’ ఎంచుకోండి. బూట్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కూడా చూడండి. ప్రాసెసర్ల సంఖ్య ఎంచుకుంటే వేగం పెరుగుతుందని ఆ వీడియోలు ఊదరగొడతాయి. విండోస్ ఎలాగూ అన్నింటినీ వాడుకుంటుంది, ఆ టిక్ వల్ల ఒరిగేదేం లేదు. ‘మాగ్జిమమ్ మెమరీ’ టిక్ అయితే ప్రమాదమే: అంకె తక్కువ పడితే విండోస్ అసలు లేవదు. నెమ్మదికి మందు కావాలంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ కింద అక్కర్లేనివి ఆపండి, చాలు.

ప్రశ్న: మా అమ్మాయి లినక్స్ వేసుకోవడానికి ల్యాప్‌టాప్ బయోస్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపింది. ఇప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. మేమెప్పుడూ అలాంటిది పెట్టలేదు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీరు పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ అయినప్పుడు విండోస్ తనంతట తానే డిస్క్‌కు తాళం వేసి ఉంటుంది. బూట్ సెట్టింగులు మారగానే ఆ తాళంచెవిని దాచే టీపీఎమ్ చిప్‌కు అనుమానం వచ్చి తాళం తీయదు. ముందు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

అప్పటికీ అడిగితే ఫోన్లో అమ్మాయి మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ కింద బిట్‌లాకర్ కీలు చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో కలిసేదే మీది. అందులో లేదంటే ల్యాప్‌టాప్ కొన్నరోజు ఎవరి ఖాతాతో సెటప్ అయిందో ఆరా తీయండి. కాలేజీ మెయిల్ కావచ్చు, షాపు కుర్రాడి మెయిలూ కావచ్చు. కీ లేకుండా ‘మేం తీసేస్తాం’ అనేవాళ్లు తీసేది తాళం కాదు, డేటా.

ప్రశ్న: డెస్క్‌టాప్ బయోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్ మార్చాక తెర వెలగట్లేదు.
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ముందు మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డు నుంచి మదర్‌బోర్డు పోర్టుకు, లేదా అటుది ఇటు మార్చి చూడండి. వెలగకపోతే పవర్ వైరు పీకేసి, ఆన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ తీసి 5 నిమిషాలాగి పెట్టండి. బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకు వస్తుంది. తేదీ, టైము సరిచేయండి, లేకపోతే వెబ్‌సైట్లు సెక్యూరిటీ ఎర్రర్లు ఇస్తాయి. విండోస్ మధ్యలో ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని ఆగిపోతే సాటా మోడ్ (సిస్టమ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిపోయినట్టు. బయోస్‌లో ఆ మోడ్ దగ్గర ఏహెచ్‌సీఐ ఉంటే రెయిడ్‌కు, రెయిడ్ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి.