గుర్తుండకపోతే తెలివి లేనట్టేనా?

మీరడిగింది: "మా అబ్బాయి ఏడో తరగతి. పొద్దున చదివింది సాయంత్రానికి మర్చిపోతున్నాడు. జ్ఞాపకశక్తి లేకపోతే తెలివి కూడా లేనట్టేనా? టెన్షన్‌గా ఉంది."

నేను డాక్టర్ని కాదండీ. ఒడిశాలోని బరంపురంలో నేతపనివాళ్ల వీధిలో పెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీ ప్రశ్న చదవగానే మా తాత గుర్తొచ్చాడు.

నాలుగో తరగతిలో ఎక్కాలంటే నేనే ఫస్టు. ఒడియాలో ఎక్కాన్ని పణికియా అంటారు. ఇరవై దాకా పాటలా పాడేసేవాణ్ణి. ఒకరోజు మగ్గం మీంచి తాత అడిగాడు: "ఒరేయ్, రంగు పొట్లం పంతొమ్మిది రూపాయలు. ఏడు పొట్లాలకి ఎంతరా?" నేను పంతొమ్మిదో ఎక్కం మొదటినుంచీ అందుకున్నాను. నాలుగు దగ్గర తడబడి మళ్లీ మొదటికొచ్చాను. ఈలోగా తాత, అడ్డపోగు నేసే నాడె ఆపకుండానే, "నూట ముప్పై మూడు" అనేశాడు. బడి మొహం చూడని మనిషి! ఎలాగని అడిగితే, "ఇరవై చొప్పున నూట నలభై. పొట్లానికో రూపాయి తీసెయ్" అన్నాడు.

ఇందులో తమాషా ఏంటంటే, ఒడియాలో పంతొమ్మిదిని ఊణేఇశి అంటారు. సంస్కృతం ఊనవింశతి నుంచి వచ్చిన మాట అది, ఇరవైకి ఒకటి తక్కువ అని. ఇరవై తొమ్మిది అణతిరిశి, ముప్పైకి ఒకటి తక్కువ. అంటే తాత చెప్పిన కిటుకు నేను రోజూ గొంతెత్తి పాడే మాటలోనే ఉంది. ఏడాదిపాటు పాడాను, ఒక్కసారీ నాకు వినబడలేదు.

రష్యాలో షెరెషెవ్‌స్కీ అని ఒకాయన ఉండేవాడు. పెద్ద పెద్ద అంకెల పట్టికలు ఒకసారి చూసి ఏళ్ల తర్వాత కూడా అప్పజెప్పేవాడు. ఆయన్ని దశాబ్దాలపాటు పరిశీలించిన మానసిక శాస్త్రవేత్త లూరియా ఒకసారి 1 2 3 4, 2 3 4 5, 3 4 5 6 అంటూ సాగే వరస ఇచ్చాడు. అందులో ఒక క్రమం ఉందని గమనించకుండా, ఆయన దాన్నీ మామూలు పట్టికలాగే కష్టపడి గుర్తుపెట్టుకున్నాడట. చదివినప్పుడు నా పణికియాయే గుర్తొచ్చి నవ్వుకున్నాను. మనం కంఠస్థం అంటాం, అంటే గొంతులో ఉంది. ఒడియావాళ్లు ముఖస్థ అంటారు, నోట్లో ఉంది. బుర్రలో ఉందని రెండు భాషలూ హామీ ఇవ్వలేదు.

ఇక రెండో వైపు. చివరి నాలుగేళ్లు తాతకి మతిమరుపు వచ్చింది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇంకా పెట్టలేదేంటని అడిగేవాడు. నన్ను మా నాన్న పేరుతో పిలిచేవాడు. వీధిలో అందరూ "ముసలాయనకి తెలివి పోయింది" అనేశారు. అప్పుడే ఇంట్లో కొత్త పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకాల్సి వచ్చింది. పాత పడుగు చివర్లకి కొత్త పోగులు ఒక్కొక్కటే జతచేసి మెలెయ్యాలి, పట్టు చీరంటే వేలల్లో ఉంటాయి. ఊరికే కూర్చోబెడదామని నాన్న తాతని పక్కన కూర్చోబెట్టాడు. ఆయన అడక్కుండానే వేళ్లకి బూడిద రాసుకుని మొదలెట్టాడు. రెండు పోగులు పట్టుకోవడం, బొటనవేలితో ఒక్క తిప్పు, వదిలెయ్యడం. ఒక్కటీ జారలేదు. కాఫీ తాగి తిరిగొచ్చి, తనే అతికిన పోగులు చూసి, "ఎవరతికారురా? మంచి చెయ్యి" అన్నాడు.

తర్వాతెప్పుడో హెన్రీ మొలైసన్ గురించి చదివాను. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గడానికని ఆయన మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండువైపులా సగం దాకా తీసేశారు. ఆ తర్వాత కొత్తవేవీ గుర్తుండేవి కావు. కానీ బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గియ్యిస్తే రోజురోజుకీ మెరుగయ్యాడు, అంతకుముందు గీసినట్టు మాత్రం గుర్తులేదు. మీ ప్రశ్నకి కావాల్సిన ముక్క ఇది: ఆపరేషన్ తర్వాత ఆయన ఐక్యూ, అంటే తెలివిని కొలిచే పరీక్షలో స్కోరు, తగ్గలేదు.

కాబట్టి గుర్తుండట్లేదని మీవాణ్ణి మొద్దు అని మాత్రం అనకండి. ఎలా చదువుతున్నాడో చూడండి. చదివిందే మళ్లీ మళ్లీ చదువుతుంటే అప్పటికప్పుడు వచ్చేసినట్టే ఉంటుంది, వారానికి జారిపోతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మానసిక శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీద చేసిన ప్రయోగంలో, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మీరు అన్నం వండుతూ, "ఇవాళ సైన్సులో ఏం చెప్పార్రా, నాకు చెప్పు" అనండి చాలు. మధ్యలో ఆగితే అందించకండి, కాసేపు తడుముకోనివ్వండి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో కూడా చూడండి. బడి విషయాలే కాకుండా ఇంటి సంగతులు కూడా మర్చిపోతుంటే డాక్టరుకి చూపించండి. వాడికి క్రికెట్ స్కోర్లు గుర్తుంటే ఆ అవసరం ఉండకపోవచ్చు.