కషాయం సంగతి డాక్టరుకు చెప్పండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రక్త క్యాన్సర్‌లో ఎ.ఎల్.ఎల్. అనే రకం అన్నారు. హైదరాబాద్‌లోనే వైద్యం. ఇప్పుడు ఇంటి దగ్గర రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేస్తున్నాం. మా అత్తగారు రోగనిరోధక శక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం పట్టిస్తున్నారు. మలబద్ధకానికి వస్తి, అంటే ఆయుర్వేదంలో ఎనిమా, చేయిద్దామంటున్నారు. వాంతులు తగ్గుతాయని బంధువులు మణికట్టుకు ఆక్యుప్రెషర్ పట్టీ ఇచ్చారు. వెన్ను సూది అంటే వాడు ముందు రోజు నుంచే ఏడుస్తాడు. ఇవేవీ డాక్టరుగారికి చెప్పలేదు, కోప్పడతారని భయం. రెండు వైద్యాలూ కలిపి చేయించకూడదా?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, ముందు కషాయం ఆపండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

బాబు వేసుకునే మాత్రలు రెండూ కాలేయం మీద భారం వేసేవే. తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు కోవిడ్ రోజుల్లో మన దేశపు వైద్యులే ప్రచురించారు. రేపు బాబు రక్త పరీక్షలో కాలేయం అంకెలు పెరిగాయనుకోండి, కషాయం సంగతి తెలియని డాక్టరు మాత్రల వల్లే అనుకుని మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపేస్తారు. నాకు అన్నిటికన్నా భయం అదే. ఈ జబ్బులో రెండు మూడేళ్లు పట్టు వదలకుండా మందులు పడితేనే పిల్లలు నిలబడతారు. పప్పులో, కూరలో వేసే పసుపుకు అభ్యంతరం లేదు. పసుపు సారం క్యాప్సూళ్లు, ఫోలిక్ యాసిడ్ కలిసిన టానిక్కులు మాత్రం అడగకుండా ఇవ్వకండి.

వస్తి అసలే వద్దు. తెల్ల కణాలు తక్కువగా ఉన్న బిడ్డకు మలద్వారం లోపల చిన్న గీత పడినా చాలు, అక్కడి సూక్ష్మజీవులు రక్తంలోకి పోతాయి. అందుకే ఈ పిల్లలకు మేం ఎనిమా ఇవ్వం, థర్మామీటరు కూడా అటు పెట్టం. విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్ పేగుల నరాలను మందగింపజేస్తుంది, మలబద్ధకం చాలావరకు దానివల్లే. విరేచనం సాఫీగా అయ్యే సిరప్ రాయమని అడగండి.

పట్టీ బాబుకు ఇష్టమైతే ఉండనివ్వండి. బలమైన కీమో తీసుకునే పిల్లల మీద అసలు పట్టీ, ఉత్తుత్తి పట్టీ కట్టి పోల్చి చూస్తే వికారంలో తేడా కనబడలేదు. హాని లేదు కానీ, దాన్ని నమ్ముకుని వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ మానకండి.

ఇక వెన్ను సూది. మీరు కలిపి చేయించాల్సిన రెండో వైద్యం ఇక్కడ ఉంది, దీనికి ఆధారాలూ ఉన్నాయి. పిల్లల మనసు మళ్లిస్తే, హిప్నాసిస్ వంటి పద్ధతులు వాడితే సూది బాధ తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. గంట ముందు చర్మం మొద్దుబారే క్రీము రాయమని నర్సమ్మను అడగండి. చేతికి సూది గుచ్చేటప్పుడు సబ్బు బుడగలు ఊదించండి. పెద్ద బుడగ కావాలంటే వాడు మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలాలి, ఆ వదిలే ఊపిరిలోనే సూది దిగిపోవాలి. వెన్ను సూదికి మోకాళ్లు పొట్టలోకి ముడిచి కదలకుండా పడుకోవాలి కనుక బుడగలు కుదరవు. అప్పుడు మీరు వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని కథ చెప్పండి. ‘అయిపోయింది, అయిపోయింది’ అనకండి, కాలేదని వాడికి తెలుసు. ‘చెరువు గట్టు మీద ఎవరున్నారు?’ అని అడగండి. జవాబు వెతుక్కుంటాడు. ఈ కథ ఇంట్లో ముందే అలవాటు చేసే పని మీ అత్తగారికి అప్పగించండి. కషాయం ఆపేశామని చిన్నబుచ్చుకున్న పెద్దావిడకు మనవడి కోసం చేసే పని ఒకటి చేతిలో ఉండాలి కదా. పాదాలకు నూనె రాస్తానంటే రాయనివ్వండి, మెత్తని చేత్తో. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు, ఒంటిమీద ఎర్ర చుక్కలు కనబడినప్పుడు రుద్దకూడదు. మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్టు ఉంటే ఆ చోటు ముట్టుకోకూడదు.

డాక్టరుకు ఎలా చెప్పాలంటారా? ఎప్పటి నుంచి, రోజుకు ఎంత పట్టించారో కాగితం మీద రాసి ఫైలులో పైన పెట్టండి. కోప్పడితే కోప్పడనివ్వండి, కాగితం మాత్రం ఇచ్చే రండి. ‘ఇంట్లో ఇంకేమైనా ఇస్తున్నారా?’ అని ప్రతిసారీ మెత్తగా అడగడం మా పని. కసురుకుంటే తల్లులు కషాయం ఆపరు, చెప్పడం ఆపుతారు. బాధ తగ్గించే వైద్యం జబ్బు తేలిన రోజు నుంచే, అసలు వైద్యంతో పాటే పిల్లలకు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు అలాంటి ఉపశమన వైద్యం ఉంది. మీ ఆసుపత్రిలో ఎవరు చూస్తారో అడగండి, లేకపోతే ఎందుకు లేదో కూడా అడగండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే అది అర్ధరాత్రయినా సరే, ఇంట్లో పారాసెటమాల్ వేసి చూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.