తమ్ముడు కొరికిన జామకాయ

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. నా వయసు 37. మా ఆయన లారీ డ్రైవరు. బాబుకు రెండేళ్లప్పుడు పోయాడు. అప్పటి పరీక్షల్లోనే నాకూ బాబుకూ హెచ్‌ఐవీ ఉందని తేలింది. పాపకు లేదు. ఇద్దరం నెల్లూరు పెద్దాసుపత్రి మందులు వాడుతున్నాం, బాగానే ఉన్నాం. పాపకిప్పుడు 15, పదో తరగతి. బాబుకు 11. నావి బీపీ మాత్రలనీ, వాడివి బలానికనీ చెబుతూ వచ్చాను. ఈ మధ్య రేకుపెట్టె వెనక మాత్రలు దొరికాయి. మింగకుండా దాస్తున్నాడు. "అక్కకు అక్కర్లేని బలం నాకెందుకు?" అంటాడు. రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె పట్టుకుంటే, "ఎవరికి బాగాలేదమ్మా?" అని అడిగాడు. పాప ఏమీ అడగదు. మొన్న తమ్ముడు కొరికిన జామకాయ ఇస్తే మాత్రం వద్దంది. మా అత్త చెప్పొద్దంటోంది. పిల్ల పెళ్లి ఏం గానూ, వాడు బడిలో నోరు జారితే ఏం గానూ అని ఆమె భయం. చెప్పాలా, వద్దా?

జవాబు: అమ్మా, బాబు దాచిన మాత్రల గురించి మీరు ఎక్కువ రాశారు. నాకు మాత్రం జామకాయ దగ్గరే మనసు ఆగిపోయింది. ఆ వయసులో ఎంగిలి అంటే రోత పుట్టడం మామూలే, కాదనను. అయినా ఒక్కసారి ఆలోచించండి. మందు సీసా మీద లామివుడిన్, డోలుటెగ్రావిర్ లాంటి పేర్లుంటాయి. ఫోనులో ఆ పేరు కొడితే ఏ జబ్బుకో నిమిషంలో తెలుస్తుంది. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠంలో హెచ్‌ఐవీ పేరు ఉండనే ఉంది. మీ పాపకు సగం తెలిసిందనే నా అనుమానం. ఆ తెలిసిన సగంలో భయమే ఉంది. ఎంగిలితో రాదన్న ముక్క ఎవరూ చెప్పినట్టు లేరు. మీరు నోరు విప్పకపోతే మిగతా సగం ఊరు చెబుతుంది.

అందుకని ముందు పాపకు చెప్పండి, ఒక్కదానికే. ఎదురుగా కూర్చోబెట్టి, తలుపులేసి, పంచాయితీలా చేయొద్దు. బట్టలు మడతపెడుతూనో, కూర తరుగుతూనో మొదలుపెట్టండి. చేతులకు పని ఉంటే కళ్లలోకి చూడాల్సిన బరువు తగ్గుతుంది. "నావి బీపీ మాత్రలు కావమ్మా. భయపడి అబద్ధం చెప్పా" అనండి చాలు. ఆ మాట తర్వాత పాప ఏమంటుందో వినండి. "నాకు ముందే తెలుసు" అన్నా ఆశ్చర్యపోకండి. ఎప్పటి నుంచి తెలుసో, ఇన్నాళ్లూ ఎవరికి చెప్పుకుందో అడగండి. ఒక కంచంలో తిన్నా, ఒక గ్లాసులో తాగినా, పక్కలో పడుకున్నా, దోమ కుట్టినా రాదని చెప్పండి. మన ఇళ్లలో ఏ కబురైనా ముందు ఏడ్చి తర్వాత చెప్పే అలవాటొకటి ఉంది. ఏడుపొస్తే ఏడవండి, తప్పేం లేదు. "నేను పోతే తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలి" అని మాత్రం అనొద్దు. మందులు మానకుండా వేసుకుంటే మీరు ముసలితనం దాకా బతుకుతారు. లేని చావును పిల్ల నెత్తిన పెట్టడం దేనికి?

తర్వాత వచ్చే ప్రశ్న మిమ్మల్ని ఎక్కువ కోస్తుంది. "నాన్న వల్లేనా?" పాప దగ్గర నాన్న ఫొటో ఉండి ఉంటుంది, ఆ ఫొటోను మనం చించకూడదు. అలాగని అబద్ధమూ వద్దు. "ముందు నాన్నకు వచ్చింది, నాన్న నుంచి నాకు. ఉన్నట్టు అప్పట్లో మా ఇద్దరికీ తెలియదు." ఇంతే. లారీ, దారి, ఆ వివరాలు ఇప్పుడక్కర్లేదు. మీ అత్తగారు కొడుకు వైపో, మీ వైపో వేలు చూపిస్తే, ఆ మాట పిల్లల ముందు రాకుండా ఆమెతో విడిగా మాట్లాడండి.

ఇక బాబు. బడికెళ్లే వయసు పిల్లలకు వాళ్ల జబ్బు సంగతి వాళ్లకు చెప్పాలని, అంతకన్నా చిన్నవాళ్లకు వయసును బట్టి కొద్దికొద్దిగా చెప్పుకుంటూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. మీవాడు ఆ వయసు దాటొచ్చాడు, పైగా ప్రశ్న వాడే అడిగాడు. రొట్టెల పండగ రోజు చెరువుగట్టు మీద జవాబు చెప్పలేకపోయారు, పోనీండి. ఇప్పుడు చెప్పండి: "ఆ రొట్టె మన ఇద్దరి కోసం పట్టుకున్నా నాయనా. మన రక్తంలో ఒక క్రిమి ఉంది. జబ్బులతో పోట్లాడే కణాల్ని అది తినేస్తుంది. మాత్ర వేసుకుంటే లేవకుండా పడుంటుంది, మానితే లేస్తుంది. నీకూ నాకూ ఉన్నది అదే." వాడిని ఇన్నాళ్లూ కుమిలించింది మాత్ర చేదు కాకపోవచ్చు. ఇంట్లో తనొక్కడే ఎందుకు వేరు అన్నదే వాడి బాధేమో. రేపటి నుంచి ఇద్దరూ ఒకే వేళకు, ఒకే చెంబు నీళ్లతో వేసుకోండి.

జబ్బు పేరు మొదటి రోజే చెప్పాలని లేదు. మందులకు వెళ్లేటప్పుడు వాణ్ణి తీసుకెళ్లి, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలర్ ముందు చెప్పండి. వాళ్లకిది రోజూ ఉండే పనే. మరీ నెలలు సాగదీయొద్దు. వాడికీ ఫోను అందుతుంది. "నాకెట్టా వచ్చింది?" అంటే, "కడుపులో ఉన్నప్పుడో, పుట్టేటప్పుడో, పాల ద్వారానో నా నుంచి వచ్చింది" అని చెప్పి ఊరుకోండి. మందులేమీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది, సరిగ్గా వాడితే 5 కన్నా తగ్గుతుంది. ఆ మందు మీకు సమయానికి అందలేదు. మీరు చేసిన పాపం కాదిది. రేపు వాడు పెరిగి పెళ్లి చేసుకుంటే, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా అణిగి ఉన్నన్నాళ్లూ భార్యకు సోకదు. ఈ సంగతి వాడికి పదహారో పదిహేడో వచ్చాక తప్పకుండా చెప్పాలి.

మీ అత్తగారిని నేను తప్పు పట్టను. ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైందే 2004 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఈ జబ్బంటే చావనే ఊళ్లు అనుకున్నాయి. ఆమె భయం ఆ రోజులది. బడిలో నోరు జారుతాడన్న మాటలోనూ నిజముంది. "ఎవరికైనా చెప్పావో చంపేస్తా" అంటే వాడికి అర్థమయ్యేది సిగ్గొక్కటే. "ఇది మన ఇంటి సంగతి. ఎవరికైనా చెప్పాలనిపిస్తే ముందు నన్నడుగు" అనండి. బడికి మీరు చెప్పాల్సిన పనీ లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ కారణంగా బడిలో చేర్చుకోననడం, వేరుగా కూర్చోబెట్టడం నేరుగా తప్పు. అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. ఇలాంటి ఇంట్లో వ్యవహారాలు చూసుకుంటున్న, పరిణతి ఉన్న పిల్లలు 12 ఏళ్లు దాటితే తమ్ముడికో చెల్లికో కొన్ని పనుల్లో సంరక్షకులుగా ఉండొచ్చంటుంది. చట్టమే అంత నమ్మింది, మీ పాపకు 15.

పెళ్లి బెంగకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాపకు జబ్బు లేదు, ఇంట్లోవాళ్ల సంగతి ఎవరికీ చెప్పి తీరాలనీ లేదు. ఊరి నోళ్లు మాత్రం చట్టానికి మూతపడవు. ఆ రోజు ఏం చెప్పాలో పాపే నిర్ణయించుకోవాలి. అందుకూ తనకు తెలిసి ఉండాలి.

ఒక పని మాత్రం వారం ఆగనివ్వకండి. పెట్టె వెనక దొరికిన మాత్రలు లెక్కపెట్టి, ఆ లెక్కతో ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయాలా, మందు మార్చాలా అన్నది డాక్టరు చూస్తారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోను చేయండి, డబ్బు పడదు. దాచినందుకు బాబును కొట్టకండి. మాత్రలు పారేయకుండా దాచాడు, ఎవరో ఒకరు చూసి అడగాలనే దాచాడేమో.